సన్యాసిరావు నిలుపు

మద్దిలపాలెం బస్టాపులో గౌరీశ్వరి తన మొగుణ్ణి చూసింది. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు.

వెనకనుంచి చూసింది. ఎడమ భుజం కాస్త కిందికి, కాళ్ళు జానెడు ఎడంగా, కుడి నడుము దేన్నో వెతుక్కుంటున్నట్టు పక్కకి. నేల కదలకపోయినా కదులుతున్నట్టే నిలబడే ఆ నిలుపు ఆమె ఒక్కరిలోనే చూసింది. చేతిలో కూరల సంచి కింద పెట్టేసి గబగబా నాలుగడుగులు వేసింది. ఆ మనిషి వెనక్కి తిరిగాడు. గెడ్డం పెంచిన కుర్రాడు. చెవి వెనక గురిగింజంత ఉబ్బు, చొక్కా కింద నడుముకి పట్టీ.

"ఏంటాంటీ, ఏమైనా కావాలా?"

"ఏం లేదు బాబూ. మావారనుకున్నాను," అంది. అని నాలిక కరుచుకుంది. కుర్రాడు పాపం ఏమనుకోవాలో తెలియక నవ్వాడు. ఇల్లు చేరి తాళం తీసేదాకా ఆమెకు గుర్తే రాలేదు, సంచి బస్టాపులో వదిలేసి వచ్చానని.

ఆ పట్టీ కట్టి పంపింది ఆమె పనిచేసే చోటే. తప్పు పట్టడానికి కూడా ఎవరూ లేరు.

కైలాసగిరి దిగువన, సముద్రం వైపు కిటికీలున్న చిన్న పరిశోధన కేంద్రం అది. గౌరీశ్వరి అక్కడ టెక్నీషియన్. పెద్దావిడ డాక్టర్ హైమవతి. కొత్తగా ఎవరొచ్చినా, అది విలేఖరి కానివ్వండి, ఏసీ బాగుచేసేవాడు కానివ్వండి, ఆవిడ ముందు చేయించే పని ఒకటే. "కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడండి." పాపం వాళ్ళు కొంగలా నిలబడబోయి, రెండు ఊపులు ఊగి, బల్ల పట్టుకునేవారు.

"ఇప్పుడు తెలిసిందా? మనిషి ముక్కాలిపీట. కళ్ళొక కాలు, అరికాళ్ళొక కాలు, చెవి లోపలుండే నీళ్ళొక కాలు. ఇప్పుడు మీకు ఒక కాలు విరగ్గొట్టాను, అంతే," అనేది ఆవిడ.

అక్కడికొచ్చే రోగులకు నిజంగానే ఆ మూడో కాలు విరిగిపోయింది. ఏదో పెద్ద జబ్బుకి ఘాటైన ఇంజెక్షన్లు చేస్తే ప్రాణం దక్కింది గానీ చెవిలోపలి తూకం చచ్చిపోయింది. వెలుతురులో గోడ పట్టుకుని నడుస్తారు. కరెంటు పోతే కూలబడతారు. వీధిలో తూలుతుంటే, తాగొచ్చాడని మొహం తిప్పుకుంటారు జనం. వాళ్ళ కోసం హైమవతి చెవి వెనక పెట్టే చిప్పు, అది చెప్పినట్టు కండల్ని బిగించే నడుం పట్టీ తయారుచేసింది. ఒళ్ళు ఎటు ఒరుగుతోందో చిప్పుకి తెలుస్తుంది. కానీ ఒరిగినప్పుడు ఏ కండ ఎంత బిగించాలో, ఎప్పుడు వదలాలో తెలియదు. అది మనిషి దగ్గర నేర్చుకోవాల్సిందే. వందమంది నిలబడే తీరు రికార్డు చేసి, కలిపి, సగటు తీసి ఎక్కించారు. రోగులు చేలో దిష్టిబొమ్మల్లా బిగుసుకుపోయారు.

అప్పుడు గౌరీశ్వరే అంది. "రోజంతా కదిలే బస్సులో రెండు చేతులూ ఖాళీ లేకుండా నిలబడే మనిషి మా ఇంట్లో ఉన్నారు మేడమ్."

పేరుకి సన్యాసిరావు గానీ సంసారం మీద మక్కువ ఎక్కువ ఆయనకి. పాడేరు బస్సులో కండక్టరు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కూర్చున్నవాళ్ళే కడుపులో తిప్పుతోందని కిటికీలోంచి తలలు బయటపెడుతుంటే, ఈయన రాడ్డు పట్టుకోకుండా టిక్కెట్లు కొట్టి, చిల్లర లెక్క చెప్పి, పైగా పరాచికాలాడేవాడు. సెలవురోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రయోగశాలకి వచ్చాడు. ఆయన బస్సులోనే యంత్రం పెట్టి పాడేరు దాకా కుదుపులన్నీ ముందే పట్టుకొచ్చారు. వాటి ప్రకారం ఊగే బల్ల ఒకటి సిద్ధం చేశారు. ఎందుకైనా మంచిదని కుడిపక్క నడుమెత్తున ఒక ఇనప ఊచ బిగించారు.

ఆయన బల్ల ఎక్కి, "సంచీ ఏదండీ?" అన్నాడు.

"సంచి ఎందుకు?" అంది హైమవతి.

"సంచీ లేకపోతే నానెలాగ నిలబడతానండి? ఒంటి మీద బట్టల్లేనట్టుంటాది."

సంచి తెప్పించారు. బల్ల ఊగింది. ఆయన గాలికి టిక్కెట్లు చింపుతూ, "చిల్లర ఇవ్వండి, చిల్లర... ఏటండీ డాక్టరుగారూ, ఐదొందల కాయితం ఇస్తే నానెక్కడినుంచి తేవాలి?" అంటుంటే గదంతా ఒకటే నవ్వులు. "ఈయన పడితే చూడాలని ఉంది నాకు," అంది హైమవతి.

ఆయన పడడం ఆవిడ చూడలేదు. మరుసటి ఏడు, డిపో ఆవరణలో, ఆగి ఉన్న బస్సులో సన్యాసిరావు గుండె పట్టుకుని కూలిపోయాడు. పరిగెత్తే బస్సులో ఏనాడూ తూలనివాడు, నిలబడి ఉన్న బస్సులో పడిపోయాడు. ఆ మాట గౌరీశ్వరికి ఇప్పటికీ మింగుడు పడదు.

ఆయన పోయాక ఆయన నిలుపు రోగుల ఒంట్లోకి ఎక్కడం మొదలైంది. అద్భుతంగా పనిచేసింది. ఊళ్ళో నలభైమంది దాకా లేచి నడిచారు. మొదట్లో అందరూ కుడికి ఒరుగుతున్నారని హైమవతి జుట్టు పీక్కుంటే, "ఎడమ భుజాన టిక్కెట్ల సంచి బరువు లేదు కదండీ," అని గౌరీశ్వరే చెప్పింది. పట్టీలో ఎడంపక్క చిన్న సీసపు బిళ్ళ పెట్టారు, సరిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. ఆమెకూ సంతోషంగానే ఉండేది, బస్టాపులో ఆ కుర్రాణ్ణి చూసేదాకా.

ఆ తర్వాత ఎక్కడ చూసినా ఆయనే. రైతుబజారులో వంకాయలు ఏరుకుంటున్న పెద్దావిడ సన్యాసిరావులా నిలబడింది. బ్యాంకులో వరసలో కోటు వేసుకున్నవాడు సన్యాసిరావులా నిలబడ్డాడు. నలభైమంది మొగుళ్ళున్నట్టూ ఉంది, ఒక్కడూ లేనట్టూ ఉంది. ఆరిలోవలో రెండు గదుల ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఎవరూ ఉండరు. ఆయన టీ తాగేటప్పుడు వంటగది ద్వారబంధానికి నడుమానించి నిలబడేవాడు. అక్కడ రంగు అరిగి చెక్క బయటపడింది. ఇంటాయన సున్నాలు వేయిస్తూ ఆ గుమ్మానికీ రంగు కొట్టిస్తానంటే వద్దని గొడవ పెట్టుకుంది. పిల్లలు లేరు. చెప్పుకోవడానికి ఆ గుమ్మమే దిక్కు.

ఇదిలా ఉండగా ప్రయోగశాలలో ఇంకో చిక్కు బయటపడింది. బల్ల మీద పరీక్ష చేస్తుంటే ప్రతి రోగికీ ఒకే చోట ఒకే తేడా వస్తోంది. రెండు కుడి మలుపులు, ఒక పొడుగాటి ఎడమ మలుపు, ఒక గతుకు. ఆ గతుకు దగ్గర తల చటుక్కున ముందుకి వంగుతుంది. లేచి, ఒళ్ళంతా కుడికి ఒరుగుతుంది. అక్కడ ఊచ ఉంది కాబట్టి ఎవరూ పడలేదు.

"ఇదేంటో అంతుపట్టడం లేదు," అంది హైమవతి తెర మీద గీత చూపించి. "కుదుపుకి ఇంత వంపు అక్కర్లేదు. మీకేమైనా తెలుసా గౌరి గారూ?"

గౌరీశ్వరి ఆ గీత వంక చూసింది. చూడగానే తెలిసింది.

అది అమ్మవారి మలుపు. ఘాట్ సగంలో మోదకొండమ్మ పాదాలున్న చోటు. అక్కడికి రాగానే డ్రైవరు బస్సు నెమ్మది చేస్తాడు, జనం కిటికీల్లోంచి నాణాలు వేసి దణ్ణం పెట్టుకుంటారు. సన్యాసిరావుకి చేతులు ఖాళీ ఉండవు కనక తల వంచేవాడు. గౌరీశ్వరి పెళ్ళికి ముందు పాడేరు ఆస్పత్రిలో పనిచేసేది. ప్రతి సోమవారం ఆ బస్సే. తల వంచి ఎత్తేటప్పుడు కాలు నిలదొక్కుకోవడానికి ఆయన రెండో సీటు అంచుకి నడుమానించేవాడు. ఆ సీట్లో గౌరీశ్వరి కూర్చునేది. ఆయన బరువు ఒక్క క్షణం ఆమె భుజం మీద పడేది. మొదట్లో "సారీ అండి" అనేవాడు. కొన్నాళ్ళకి అనడం మానేశాడు. ఆ మానెయ్యడంలోనే సంగతి ఆమెకు అర్థమైంది. పెళ్ళయ్యాక కూడా పాడేరు వెళ్ళినప్పుడల్లా అదే సీటు.

బల్ల మీద రికార్డు చేసిన రోజు ఆమె చూసింది. ఇంటికొస్తూ, "ప్రయోగశాలలో కూడా అమ్మోరేనా?" అని ఆటపట్టిస్తే ఆయన తెల్లబోయాడు. "నాను వొంగినానా? లేదే." ఆయనకి తెలియకుండా ఆయన ఒళ్ళు పెట్టిన దణ్ణం అది.

ఇప్పుడు చెబితే కత్తిరించేస్తారు. కాళ్ళు ఎడంగా పెట్టడం ఏ కండక్టరైనా చేస్తాడు. నలభైమంది ఒళ్ళల్లో అచ్చంగా ఆయనదీ, ఆమెదీ అయినది ఈ ఒక్క వంపే.

"తెలీదండి," అంది గౌరీశ్వరి.

ఆ తర్వాత ఆమె పని మరీ శ్రద్ధగా చేసింది. వచ్చిన ప్రతి రోగినీ బల్ల ఎక్కించి, "ఇంకొక్కసారి చూద్దాం," అనేది. రోగులు పాపం మళ్ళీ ఎక్కేవారు. ఆమె వెనక నిలబడి చూసేది. కుడి మలుపు, కుడి మలుపు, ఎడమ మలుపు, గతుకు. తల వంగేది. ఒళ్ళు కుడికి ఒరిగి ఊచకి తగిలి ఆగేది. ఇది తప్పని తెలుసు. తెలిసీ రోజూ చేసింది. ఇంటికెళ్తే ఎలాగూ గుమ్మమే కదా.

ఆ వచ్చేవాళ్ళలో కామేశం మాస్టారొకరు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు, భార్య లేరు. చెవిలో తూకం పోయాక కుంచె పట్టడం మానేసి, ఈ నిలుపు ఎక్కించాక మళ్ళీ నిలబడి బొమ్మలేస్తున్నారు. బయట ఆ మలుపులూ ఆ గతుకూ వరసగా కలిసి రావడం అరుదు. మాస్టారికి కలిసొచ్చాయి. హనుమంతవాక దగ్గర సిటీ బస్సులో నిలబడి ఉండగా తల వంగింది, ఒళ్ళు కుడికి ఒరిగింది. కుడిపక్క ఊచ లేదు, సీటు లేదు, ఎవరూ లేరు. మెట్ల మీద పడ్డారు. కుడి మణికట్టు విరిగింది.

కట్టుతో వచ్చిన ఆయన్ని చూశాక గౌరీశ్వరికి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే హైమవతి గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, అది కుదుపుకి సంబంధించింది కాదండి. దణ్ణం. పాడేరు ఘాట్లో అమ్మోరి పాదాల దగ్గర మావారు పెట్టే దణ్ణం."

హైమవతి పెన్ను కింద పెట్టింది. "మరి కుడికి ఒరగడం?"

"అక్కడ సీటుంటుందండి. సీట్లో..." ఆగింది. "సీటుంటుంది."

"అంటే మనం సగమే ఎక్కించాం. ఆనుకోడం ఎక్కించాం, ఆనేది లేదు." ఆవిడ తెర మీద ఆ గీత తెరిచింది. "ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"మొదట్నుంచీ."

తిడుతుందనుకుంది. హైమవతి తిట్టలేదు. "కత్తిరించాలి గౌరి గారూ. నలభైమందిలోనూ," అంది మెల్లగా. తిట్టి ఉంటే బాగుండునని గౌరీశ్వరికి అనిపించింది.

ఆ సాయంత్రం కామేశం మాస్టారింటికి వెళ్ళి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, ఉన్నదంతా చెప్పింది. మాస్టారు కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నారు. ముందు కోపం వచ్చింది ఆయనకి. "ఈ చేత్తోనే కదమ్మా నేను బతికేది!" అన్నారు. ఆమె తల దించుకుని నిలబడింది. కాసేపటికి ఆయన మొహంలో ఏదో మారింది.

"అయితే నా ఒంట్లో ఉన్నది మీ ఆయన దణ్ణమా?"

"అవునండి."

"బాగుంది! మా అమ్మ బతిమాలినా గుడి మెట్లెక్కని వాణ్ణి. మా ఆవిడ ఉపవాసాలుండి ఏడ్చినా వంచని తల ఇది. నన్నడక్కుండా మీ ఆయన వంచేశాడన్నమాట." నవ్వారు. నవ్వి, గోడమీద భార్య ఫోటో వైపు తిరిగారు. "దాన్ని తీసెయ్యండి. నాకు చెయ్యి కావాలి. కాకపోతే తీసేముందు ఒక్కసారి దాని చోటుకి దాన్ని తీసుకెళ్దాం అమ్మాయ్. పరాయివాడి ఇంటి దీపం ఆర్పేటప్పుడు వాళ్ళకో మాట చెప్పాలి కదా."

పాడేరు బస్సుల్లో ఇప్పుడు కండక్టర్లు లేరు. టిక్కెట్టు ఫోన్లోనే. రెండో సీటు పక్కన ఆ జాగా ఖాళీగా ఉంటుంది, జనం అక్కడ బస్తాలు పెట్టుకుంటున్నారు. గౌరీశ్వరి బస్తా జరిపించి, రెండో సీట్లో ఈ చివర కూర్చుంది. మాస్టారు బొమ్మల సంచి ఎడమ భుజానికి తగిలించుకుని, కట్టున్న చెయ్యి గుండెకి ఆనించుకుని ఆ జాగాలో నిలబడ్డారు. కూర్చోమని ఎవరో సీటిచ్చినా వద్దన్నారు.

ఘాట్ మొదలైంది. మలుపు రాకముందే మాస్టారి ఒళ్ళు సర్దుకోవడం ఆమె చూసింది. ఎరిగిన దారిలో నడిచినట్టు ఏ మలుపుకామలుపు ముందుగా ఒరిగి, తేలిగ్గా వదిలేస్తోంది. డ్రైవరు నెరిసిన మీసాలాయన. అద్దంలోంచి ఒకటికి రెండుసార్లు చూశాడు.

"ఎవురండీ ఆ బాబు? అచ్చం మా సన్యాసిరావన్న నాగ నిలబడ్డారు," అన్నాడు.

మాస్టారే అన్నారు. "ఆయన దగ్గరే నేర్చుకున్నానండీ."

కుడి మలుపు. మళ్ళీ కుడి. కొండకింద లోయలో కాఫీ తోటల మీద ఎండ పడుతోంది. పొడుగాటి ఎడమ మలుపు మొదలైంది. డ్రైవరు వేగం తగ్గించాడు. జనం నాణాలు తీశారు. బస్సు గతుకు ఎక్కి దిగింది.

మాస్టారి తల వంగింది. ఈసారి చుట్టూ అన్ని తలలూ వంగి ఉన్నాయి. లేస్తూ ఆయన ఒళ్ళు కుడికి ఒరిగింది. బరువు గౌరీశ్వరి భుజం మీద పడింది.

ఆ బరువు ఆమెకు తెలుసు. ఎంత పడుతుందో, ఎక్కడ పడుతుందో, ఎప్పుడు తేలికపడుతుందో తెలుసు. భుజం ఇంకాస్త గట్టిగా నిలబెట్టింది. కళ్ళు మూసుకుంటే మనిషి సన్యాసిరావే. సంచిలో చిల్లర మోగుతుందేమో అని చెవులు రిక్కించింది. బొమ్మల కాగితాలు మాత్రం కొద్దిగా గలగలలాడాయి. అప్పుడు ఏడుపొచ్చింది. నలుగురిలో ఉన్నానన్న ధ్యాస కూడా లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దహనం రోజున కూడా అంత ఏడవలేదు ఆమె.

బరువు తేలికపడింది. మాస్టారు నిటారుగా నిలబడి ఆశ్చర్యంగా చూశారు. "పడలేదమ్మాయ్," అన్నారు. "ఇక్కడ పడలేదు."

మరుసటి వారం హైమవతి ఆ వంపు కత్తిరించింది. నలభైమంది చిప్పుల్లోనూ ఒకేసారి మారిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. బస్టాపుల్లో, బ్యాంకుల్లో వాళ్ళు ఎప్పటిలాగే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డారు.

నెల తిరిగాక చివరి పరీక్షకి కామేశం మాస్టారే బల్ల ఎక్కారు. కట్టు విప్పేశారు, వేళ్ళు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. "ఊచ తీయించేశాను. లేకుండా చూడాలి," అంది హైమవతి. "గౌరి గారూ, మీరు కుడిపక్క నిలబడండి. ఎందుకైనా మంచిది."

గౌరీశ్వరి ఊచ ఉండే చోట నిలబడింది. బల్ల కదిలింది. కుడి మలుపు, కుడి మలుపు. ఆమె కొద్దిగా మోకాళ్ళు వంచి, భుజాన్ని ఆయన నడుమెత్తుకి తెచ్చింది. పొడుగాటి ఎడమ మలుపు వచ్చింది. గతుకు వచ్చింది.

మాస్టారి తల వంగలేదు. ఒళ్ళు ఒరగలేదు. చక్కగా, తొణక్కుండా నిలబడి ఉన్నారు. తెర మీద గీత సాఫీగా సాగిపోయింది. హైమవతి చప్పట్లు కొట్టింది.

"చూశావా అమ్మాయ్, ఇక ఎవరి ఆసరా కూడా అక్కర్లేదు నాకు," అన్నారు మాస్టారు సంబరంగా.

"అక్కర్లేదు మాస్టారూ," అంది గౌరీశ్వరి.

బల్ల ఆగింది. మాస్టారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, కుడిచేతి వేళ్ళు ఆడించుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఆమె మాత్రం ఖాళీ బల్ల పక్కన భుజం అలాగే ముందుకు పెట్టి, ఇంకాసేపు నిలబడి ఉంది.